దగ్గు మందు సీసాపై తెలుగు అక్షరాలు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

నా భార్య ప్రతి ఉదయం మీ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, సంపాదకీయంతో సహా, ఒక్క ముక్క వదలకుండా చదువుతుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఆమె తెలుగులో అచ్చయిన ఏ విషయాన్నైనా తాను అర్థం చేసుకోవడమే కాకుండా ఇరుగుపొరుగు వారికి విడమరచి చెప్పగలదు. అటువంటి మనిషి, మా పద్నాలుగు నెలల మనవరాలికి జ్వరం మందు పోయవలసి వచ్చిన రోజున, చేతిలో ఉన్న సీసా మీద ఏం రాసి ఉందో చదవలేకపోయింది. ఆ సీసా మీద ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే. నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 31 సంవత్సరాలు ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కనుక ఇది నా ఇంట్లో జరిగిన సంగతే అయినా, నేను నడిపిన వృత్తి తరఫున కూడా చెప్పవలసిన బాధ్యత నాకుంది.

కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదలనప్పుడు మా కావలిలో ప్రతి ఇంటా ఎవరో ఒకరు ముక్కు చీదుతూనే ఉంటారు. మా మనవరాలికీ పడిశెం పట్టి, ఒళ్ళు వెచ్చబడింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళారు, నేను పని మీద నెల్లూరు వెళ్ళాను. అలమరలో ఒకే పేరు, ఒకే రంగు అట్టపెట్టె ఉన్న రెండు సీసాలు ఉన్నాయి. ఒకటి పసిపిల్లలకు చుక్కలుగా వేసే మందు, రెండోది ఆరేళ్ళ మనవడి కోసం ఎప్పుడో తెచ్చిన సిరప్పు. చుక్కల మందుతో వచ్చిన డ్రాపర్ అంతకు ముందే ఎక్కడో పోయింది. చిన్న సీసా చిన్నపిల్లదేనని నా భార్య సరిగానే పోల్చుకుంది. కాని మనవడికి ఎప్పుడూ ఒక చెంచా పోసే అలవాటు కాబట్టి, పాపకు కూడా ఆ చిన్న సీసాలో నుంచి ఒక చెంచా పోసింది. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రెండో మోతాదు చెంచాలోకి వంపుతూ ఉంది.

ఇందులో ఆమె తప్పు ఎంతో, ఆ సీసా మీది రాత తప్పు ఎంతో లెక్క వేసి చూడమని పాఠకులను కోరుతున్నాను. రెండు సీసాల్లోనూ ఉన్నది పారాసిటమాలే. పిల్లలకు ఆ మందును బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, ఒక మోతాదుకు మరో మోతాదుకు నడుమ కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉంచి ఇస్తారు. తొమ్మిది కిలోల మా పాపకు ఒక పూటకు 90 నుంచి 135 మిల్లీగ్రాములు చాలు. బజారులో దొరికే సిరప్పుల్లో కొన్నింట 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటే, మరికొన్నింట అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. చుక్కల మందులో మాత్రం ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పసిబిడ్డ ఎక్కువ మందు మింగలేదు కాబట్టి కొద్ది ద్రవంలోనే ఎక్కువ మందు పట్టేలా దాన్ని చిక్కగా తయారు చేస్తారు. అంటే చిన్న సీసాలోది పలచని మందు కాదు, పెద్ద సీసాలోని దానికంటే రెండు రెట్లు, కొన్నిసార్లు నాలుగు రెట్లు ఘాటైన మందు. చిన్నపిల్లల మందు కనుక మెత్తగానే ఉంటుందని ఇంట్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ అనుకునే ఊహకు అసలు సంగతి పూర్తిగా తలకిందులు. చెంచాను 5 మిల్లీలీటర్లుగా లెక్కవేస్తే మా పాప కడుపులోకి ఒక్క చెంచాతో 500 మిల్లీగ్రాములు వెళ్ళింది. అది ఒక పూటకు ఇవ్వగల గరిష్ఠ మోతాదుకు దాదాపు నాలుగు రెట్లు.

వెంటనే పిల్లల వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆ బరువున్న బిడ్డకు ఆ ఒక్క మోతాదు వల్ల ప్రమాదం లేదని, ఆ రోజుకు ఇక ఆ మందు ఇవ్వవద్దని, కనిపెట్టి ఉండమని ఆయన చెప్పి పంపారు. పాప బాగానే ఉంది. అయితే ఆ చెంచా చొప్పున రోజుకు నాలుగుసార్లు, జ్వరం తగ్గలేదని రెండు మూడు రోజులు పోసి ఉంటే రోజుకు 2,000 మిల్లీగ్రాములు అయ్యేది. తొమ్మిది కిలోల బిడ్డ కాలేయం అంత మందును తట్టుకోలేదు. పైగా పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, వాంతులు అయినా జ్వరం వల్లనే అనుకుంటారు, కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి.

ఆ రాత్రి మా వంటింట్లో ఉన్న చెంచాలన్నీ తెచ్చి సూది లేని సిరంజితో నీళ్ళు పోసి కొలిచి చూశాను. ఒకదానిలో 3 మిల్లీలీటర్లు పడితే ఇంకొకదానిలో 8 పట్టింది. ఒక చెంచా అని వైద్యుడు రాసినా, మందుల షాపులో చెప్పినా అది 5 మిల్లీలీటర్లు అని అర్థం. ఆ 5 మిల్లీలీటర్ల గీత సీసాతో ఇచ్చే ప్లాస్టిక్ మూత మీదో చిన్న గ్లాసు మీదో ఉంటుంది తప్ప మన చెంచాల మీద ఉండదు. ఆ గ్లాసు పోతే మందుల షాపులో అడిగి మరొకటి తెచ్చుకోవాలే గాని పంచదార వేసుకునే చెంచాతో పిల్లలకు మందు కొలవకూడదు. సిరంజి పది రూపాయల లోపే దొరుకుతుంది, కొలత కూడా దానితోనే అన్నింటికంటే సరిగా వస్తుంది.

ఇక పెద్దల సంగతి. మన ఊళ్ళలో జలుబు చేస్తే జనం మందుల షాపుకు వెళ్ళి మందు పేరు అడగరు. "అన్నా, పడిశెం, ఒళ్ళు నొప్పులు, రెండు రోజులకు మాత్రలు కట్టియ్యి" అంటారు. షాపులో ఉన్నవారు మూడు నాలుగు రకాల అట్టల నుంచి రెండేసి మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ కత్తిరింపులో మందు పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద, మిగతా రాత షాపులోనే ఉండిపోయిన ముక్క మీద పడుతుంది. ఇంటికి తెచ్చుకున్నవారికి ఏ మాత్ర ఏమిటో తెలుసుకునే దారి ఉండదు. జలుబు మాత్ర అని ఇచ్చేవాటిలో చాలావాటిలో ముక్కు దిబ్బడకు ఫినైల్‌ఎఫ్రిన్, ముక్కు కారకుండా క్లోర్‌ఫెనిరమిన్, వాటితో పాటు పారాసిటమాల్ 325 గాని 500 గాని మిల్లీగ్రాములు కలిపి ఉంటుంది. ఒళ్ళు నొప్పులకని, జ్వరానికని ఇచ్చే వేరే మాత్రలో పారాసిటమాల్ 650 ఉంటుంది. ఇంటి మనిషి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్న జలుబు మాత్రలు నాలుగు, జ్వరం మాత్రలు నాలుగు ఒకే రోజు వేసుకుంటే అది 4,600 మిల్లీగ్రాములు అవుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి సైతం ఒక రోజులో 4,000 దాటకూడదు. రోజూ సారా, బ్రాందీ తాగే అలవాటు ఉన్నవారికీ, కాలేయం చెడినవారికీ, తిండి తగ్గి నీరసించినవారికీ అంతకంటే చాలా తక్కువలోనే ముప్పు మొదలవుతుంది. ఆ మనిషి అత్యాశకు పోయి ఎక్కువ మాత్రలు మింగలేదు. షాపులో చెప్పినట్లే రెండు రకాలు వేసుకున్నాడు. రెండింటిలో ఉన్నది ఒకే మందు అని ఎవరూ అతనికి చెప్పలేదు, అట్ట మీద అతను చదవగలిగే భాషలో రాసీ లేదు.

నా ఉద్యోగ కాలంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మందు క్లోర్‌ఫెనిరమిన్. ధర చాలా తక్కువ, మాత్ర చాలా చిన్నది, అందువల్ల దానిని ఎవరూ మందుగా లెక్క చేయరు. అది నిద్ర మత్తు కలిగిస్తుంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మన నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగానే పోతుంది. రాత్రంతా లారీ తోలే డ్రైవరు దారిలో ఏదో ఒక షాపు దగ్గర బండి ఆపి జలుబు మాత్ర అడిగితే, "నువ్వు బండి తోలుతావా?" అని అడిగి ఇచ్చేవారు ఎంతమంది ఉన్నారు? తాగిన మనిషి ఆ మాత్ర వేసుకుంటే మత్తు ఇంకా పెరుగుతుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన ముసలివారికి ఆ మాత్ర వల్ల మూత్రం బిగబట్టి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగు తీయవలసి వచ్చిన సందర్భాలు నేను చూశాను. ముక్కు దిబ్బడ మందులు రక్తపోటును పెంచగలవు, కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. కఫం సిరప్పుల్లో కొన్నింటిలో లీవోసాల్బ్యుటమాల్, టెర్బ్యుటలిన్ వంటి ఉబ్బసం మందులు కలుపుతారు. వాటితో గుండె దడ, చేతుల వణుకు వస్తే నీరసమని పొరబడి ఇంకో మూత మందు తాగేవారు ఉంటారు. ముక్కులో వేసుకునే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు వేసిన అయిదు నిమిషాల్లో హాయినిస్తాయి, కాని మూడు నుంచి అయిదు రోజులు దాటి వాడితే ముక్కు మునుపటికంటే గట్టిగా దిబ్బడ వేసి, ఆ చుక్కలు లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది. నెలల తరబడి ఆ చిన్న సీసాను జేబులో పెట్టుకుని తిరిగినవారిని నేను ఎరుగుదును.

పసిపిల్లల విషయంలో నా మాట కంటే ప్రభుత్వం చెప్పిన మాటే బలమైనది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద, లోపలి కాగితం మీద హెచ్చరిక ముద్రించాలని దేశ ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులో కంపెనీలను ఆదేశించారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని, అయిదేళ్ళ లోపు వారికి కూడా సాధారణంగా వాటిని సిఫారసు చేయరాదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు 2025 అక్టోబరులో రాష్ట్రాలకు సూచించింది. ఈ మందుల వల్ల పసివారికి ఉపశమనం కలుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు, మత్తు, గుండె వేగం, మూర్ఛ, ఊపిరి మందగించడం వంటి ప్రమాదాలకు మాత్రం ఆధారం ఉంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో తనంతట తాను తగ్గుతుంది, దగ్గు మరికొన్ని రోజులు సాగినా అది ఊపిరితిత్తుల్లోని కఫాన్ని బయటకు నెట్టడానికి శరీరం చేసుకునే పనే. ఆ పని ఆపడానికి మందు పోయడం పసిబిడ్డకు మేలు చేయదు. వైరస్ మీద పనిచేయని అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌ను, వైద్యుడి చీటీ మీదే అమ్మాలని తెలిపే ఎర్ర గీత అట్ట మీద ఉన్నా లెక్క చేయకుండా, చీటీ లేకుండానే అడిగి తెచ్చుకోవడం కూడా ఈ కోవలోనిదే.

ఆ 2025 అక్టోబరు సూచన ఏ నేపథ్యంలో వచ్చిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్పు తాగిన పిల్లలకు మూత్రపిండాలు పనిచేయడం మానేసి 20 మందికి పైగా చనిపోయారు. మనకు పొరుగునే ఉన్న తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్పును పరీక్షిస్తే, 0.1 శాతానికి మించకూడని డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్లు తేలింది. సిరప్పుల్లో మందు కరగడానికి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు. చూడటానికి వాటిలాగే ఉండి, రుచికి తియ్యగా ఉండి, ధరకు చవకైన ఈ పారిశ్రామిక ద్రావకం వాటి స్థానంలోకి చేరితే పిల్లల ప్రాణాలు పోతాయి. ఇది కొత్త విషాదం కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే విషం వంద మందికి పైగా ప్రాణాలు తీసింది, 1998లో గుర్‌గావ్‌లో 33 మంది పిల్లలు చనిపోయారు, 2022లో మన దేశంలో తయారైన సిరప్పుల కారణంగా గాంబియాలో దాదాపు 70 మంది పసివారు పోయారని ప్రపంచమంతా మాట్లాడుకుంది. సీసా చూసి అందులో విషం ఉందో లేదో తల్లి కనిపెట్టలేదు, అది కనిపెట్టవలసింది కంపెనీలు, ప్రయోగశాలలు, ఔషధ తనిఖీ అధికారులు. కాని తల్లి చేయగలిగినవి రెండు ఉన్నాయి. మందుతో పాటు బిల్లు అడిగి తీసుకుని, సీసాను బ్యాచ్ నంబరు చెరగకుండా మందు అయిపోయేదాకా దాచడం ఒకటి. ఏ సిరప్పు తాగిన తరువాతైనా బిడ్డ వాంతులు చేసుకుంటూ మూత్రం పోయడం తగ్గినా, ఆగినా, రేపు చూద్దామని కూర్చోకుండా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళడం రెండోది. పెద్ద డబ్బాలో నుంచి చిన్న సీసాల్లోకి వంచి, పేరూ నంబరూ లేకుండా ఇచ్చే మందును ఎవరు ఇచ్చినా తీసుకోకండి. ఏ మందుతోనైనా తేడా చేసిందని అనుమానం కలిగితే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా తెలియజేయవచ్చు. అది దేశ ఔషధ నిఘా కార్యక్రమం వారి నంబరు. నేను పనిచేసిన ఊళ్ళలో ఈ నంబరు ఉన్నట్లు తెలిసినవారు నాకు ఒక్కరూ తారసపడలేదు.

ఇప్పుడు నా అసలు విన్నపానికి వస్తాను. మా అన్నదమ్ములు వరి, మిరప పండించే రైతులు. వారు కొనే పురుగుమందు డబ్బా మీద ఒక వజ్రాకారపు గుర్తులో సగం రంగు వేసి ఉంటుంది. ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు ఉంటే దాని తరువాతది, నీలం, ఆకుపచ్చ ఆ తరువాతివి. చదువు రాని కూలి మనిషి కూడా ఎర్ర గుర్తు డబ్బాను దూరంగా పెట్టాలని ఎరుగును. డబ్బాతో పాటు ఇచ్చే కాగితం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి, అందుకే మన రైతులు దానిని తెలుగులో చదువుకోగలుగుతున్నారు. చేలో పురుగును చంపే మందుకు ఉన్న ఈ ఏర్పాటు, పసిబిడ్డ నోట్లో పోసే మందుకు ఎందుకు లేదు? పేరున్న 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, అది నకిలీ మందులను పట్టుకోవడానికి ఎంతో ఉపయోగం. అయితే అందులో ఉండాలని నిబంధన కోరేది మందు పేరు, కంపెనీ, బ్యాచ్, తేదీలు, లైసెన్సు వంటి వివరాలు. ఎన్నేళ్ళ పిల్లలకు ఇవ్వకూడదో, ఒక పూటకు ఎంత కొలవాలో అన్న సమాచారమే మా ఇంట్లో ఆ సాయంత్రం కావలసి వచ్చింది, అది అందులో ఉండాలని ఎవరూ అడగలేదు. నాలుగేళ్ళ లోపు వద్దు అనే హెచ్చరికను ముద్రించమని ఆదేశించడం మంచిదే. ఆ హెచ్చరికను ఆవగింజంత ఆంగ్ల అక్షరాల్లో వేస్తే అది ఆ మందు పోసే అమ్మమ్మకూ, నాయనమ్మకూ, అంగన్‌వాడీ ఆయమ్మకూ చేరినట్లా?

దీనికి వెయ్యి జనాభా దాటని పల్లెల సంగతి కూడా జత చేయాలి. అటువంటి చోట్ల లైసెన్సు లేని చిల్లర దుకాణంలో సైతం పారాసిటమాల్ మాత్రలు, దగ్గు మందులు అమ్ముకోవడానికి ఔషధ నిబంధనల్లోని కె షెడ్యూలు ఎంతో కాలంగా వెసులుబాటు ఇస్తూ వచ్చింది. దూరపు పల్లెవాసికి అర్ధరాత్రి ఒక మాత్ర దొరకడం అవసరమే, దానిని నేను కాదనను. కాని అక్కడ అడిగి చెప్పే ఫార్మసిస్టు ఉండడు. అక్కడ మనిషికి దిక్కు సీసా మీది అక్షరమే.

ఇంటి వైద్యం గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే, మందులు వద్దన్నానని పెద్దలు పాత అలవాట్ల వైపు మళ్ళగలరని నా భయం. పెద్దవాళ్ళు తాగే మిరియాల చారు, శొంఠి కాఫీ, ఉప్పు నీళ్ళ పుక్కిలింత హాయినిస్తాయి, వాటికి నేను అడ్డు చెప్పను. ఏడాది దాటిన బిడ్డకు పడుకునే ముందు అర చెంచా తేనె నాకిస్తే దగ్గు తగ్గుతుందనడానికి పరిశోధనల మద్దతు కూడా ఉంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు, దానిలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసివారి పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేటట్లు చేయగలదు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనెను పసిబిడ్డ ముక్కు దగ్గర, రొమ్ము మీద పూయడం మన ఇళ్ళలో మామూలు. కర్పూరం కడుపులోకి పోతే కొద్దిపాటి మోతాదుకే పిల్లలకు మూర్ఛ రావచ్చు, రెండేళ్ళ లోపు పిల్లలకు కర్పూరం ఉన్న ఏ పూత మందూ వాడకూడదు. స్నానం పోసేటప్పుడు ముక్కులో ఆముదమో నూనెచుక్కో వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి ఒక రకం న్యుమోనియా తేగలదు. మరిగే నీళ్ళ గిన్నె ముందు దుప్పటి కప్పి పిల్లలను కూర్చోబెడితే ఒళ్ళు కాలుతుంది. ముక్కు దిబ్బడేసిన బిడ్డకు మందుల షాపులో దొరికే ఉప్పు నీటి చుక్కలు, తల్లిపాలు, వెచ్చని ద్రవాలు చాలు.

ఆ సీసాను అసలు తెరవకుండా ఆసుపత్రికి పోవలసిన సందర్భాలు కూడా సీసా మీదనే తెలుగులో ఉండాలి. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం పనికిరాదు. ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టడం ప్రతి తల్లి నేర్చుకోగలదు. రెండు నెలల లోపు బిడ్డ 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, అయిదేళ్ళ లోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువగా ఊపిరి తీస్తూ ఉంటే అది న్యుమోనియా కావచ్చు, దానికి దగ్గు సిరప్పు మందు కాదు. పెద్దలకు రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కఫం పరీక్ష చేయించుకోవాలి. ఈ మాట మన ప్రాంతానికి మరీ ముఖ్యం. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, మార్కాపురం వైపు పలకల గనుల్లో దుమ్ము పీల్చి పనిచేసేవారు, పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రింబగళ్ళు ఉండేవారు దగ్గును తమ పనిలో భాగంగానే తీసుకుంటారు. నేను ఆ ప్రాంతంలో పనిచేసినప్పుడు, ఆరు నెలలుగా నెలకు రెండు సీసాల సిరప్పు తాగుతున్న క్వారీ కార్మికుడు ఒకరు వచ్చారు. పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది. ఆరు నెలల చికిత్సతో ఆయన కోలుకున్నారు గాని, సిరప్పు తాగిన ఆ ఆరు నెలలు అదే గదిలో పడుకున్న భార్యాపిల్లల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మందుల షాపుల వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. సాయంత్రం ఏడు గంటలకు కావలి ట్రంకు రోడ్డు మీద ఏ షాపు ముందు నిలబడినా, ఒక్కొక్కరికి అర నిమిషం కూడా ఇవ్వలేని రద్దీ కనిపిస్తుంది. అయినా మందు ఎవరికి, వయసు ఎంత, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అనే మూడు ప్రశ్నలకు ఆ అర నిమిషం సరిపోతుంది. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలి, ఆ ప్రశ్నలు అడగడానికే ఆ చదువు. సీసా మీద ముద్రణ మార్చడం కేంద్ర ప్రభుత్వం చేయవలసిన పని, దానికి ఎంత కాలం పడుతుందో తెలియదు. అది వచ్చేలోగా రెండు జిల్లాల ఔషధ నియంత్రణ అధికారులు, మందుల వ్యాపారుల సంఘాలు కలిసి ఒక చిన్న తెలుగు చీటీ అచ్చు వేయించి, అమ్మే ప్రతి పిల్లల సిరప్పు, చుక్కల సీసా, జలుబు మాత్రల పొట్లం మీద అంటించేటట్లు చేయవచ్చు. వెయ్యి చీటీల ఖర్చు ఒక షాపుకు భారం కాదు.

నేను రాసుకున్న చీటీ ఇది: "ఇందులో ఉన్న మందు పేరు ________. ఇదే పేరు ఉన్న మరో మందుతో కలిపి వాడకండి. ____ ఏళ్ళ లోపు వారికి ఇవ్వకండి. ఒక పూటకు ____ మి.లీ., రోజుకు ____ సార్లు మించకూడదు. దీనితో ఇచ్చిన కొలత గ్లాసుతోనే కొలవండి. నిద్ర మత్తు వస్తుంది / రాదు. బిడ్డ డొక్కలెగరేసినా, మూత్రం తగ్గినా, దగ్గు రెండు వారాలు దాటినా ఆసుపత్రికి వెళ్ళండి." ఖాళీలను షాపులోని ఫార్మసిస్టు పెన్నుతో నింపాలి. నా భార్యకు చూపించాను. "కొలత గ్లాసు" అన్నచోట గ్లాసు బొమ్మ వేసి 5 దగ్గర గీత గీయమని, అక్షరాలు ఇంకా లావుగా ఉండాలని చెప్పింది. ఆ రెండు మార్పులూ చేసిన ప్రతిని ఈ లేఖతో జత చేస్తున్నాను. మీ పత్రికలో చోటు ఉంటే దానిని కత్తిరించి దాచుకోవడానికి వీలుగా, పెద్ద అక్షరాలతో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.